ఏ.ఆర్.టి. కేంద్రం: మందుకు అయిదుకు అయిదు, వరండాకు రెండు

బిర్యానీ హోటళ్లకూ చీరల దుకాణాలకూ నక్షత్రాలు వేసేవారికి కొదవ లేదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మందులిచ్చే ఏ.ఆర్.టి. కేంద్రానికి వేసేవారే లేరు. వేస్తే, నీకు అక్కడేం పని అని అడుగుతారు. అందుకే నా పేరు రాయడం లేదు, ఆసుపత్రి పేరూ రాయడం లేదు. నెల్లూరు జిల్లాలో జాతీయ రహదారి పక్క ఊరు మాది. జాకెట్లు కుడతాను. మా ఆయన చీమకుర్తి గ్రానైటు తోలిన లారీ డ్రైవరు, ఇప్పుడు లేరు. అంతకు మించి మా కథ ఇక్కడ అనవసరం.

ముందు మందు సంగతి. 2004 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఉచిత ఏ.ఆర్.టి. మొదలుపెట్టిన ఆరు రాష్ట్రాల్లో మనది ఒకటి. నేను చేరిన రోజుల్లో రక్తంలో రోగాన్ని ఎదుర్కొనే సీడీ4 కణాలు 350 కంటే తగ్గితేనే మాత్రలు ఇచ్చేవారు. కొంచెం బాగుంటే, ఇంకా దిగజారి రమ్మన్నట్టే వెనక్కి పంపేవారు. 2017 నుంచి పరీక్షలో తేలిన ప్రతి ఒక్కరికీ మందు మొదలుపెడుతున్నారు. పాత మాత్రలో ఎఫావిరెంజ్ అనే మందు ఉండేది. అది రాత్రి వేసుకుని పడుకుంటే తెల్లవార్లూ పిచ్చి కలలు, పొద్దున లేస్తే తల తిరుగుడు, సూదిలో దారం ఎక్కించడమే కష్టమయ్యేది. ఇప్పుడిచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన మాత్ర. రోజుకు ఒక్కటే, తిన్నాక వేసుకున్నా తినకముందు వేసుకున్నా ఇబ్బంది లేదు. ఏడాదికోసారి రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్ష చేస్తారు. నా కాగితంలో వైరస్ గుర్తించదగిన స్థాయిలో లేదని వస్తోంది. అలా ఉన్నంతకాలం లైంగికంగా ఇంకొకరికి అంటుకోదని డాక్టరుగారు నా వైద్యం వివరాలు రాసే పచ్చ పుస్తకం పక్కన పెట్టి మరీ చెప్పారు. దీనికి మార్కులు కోయడానికి నాకు మనసు రాదు.

సీసాకు మాత్రం కోస్తాను. ముప్పై మాత్రలు, తెల్ల సీసా, నడుస్తుంటే గజ్జెల మోత. కోవిడ్ కాలంలో ఒకేసారి రెండు మూడు నెలలకు ఇవ్వడం మొదలుపెట్టారు. బస్సు ఛార్జీ కలిసొచ్చింది, మోత పెరిగింది. బస్సులో పక్క సీటు ఆవిడ సంచి వైపే చూస్తుంటుంది. నేను సీసా మూత తీసి, లైనింగ్ గుడ్డ ముక్క లోపలికి కూరి, మళ్లీ గట్టిగా బిగిస్తాను. తేమ తగలకుండా వేసిన చిన్న పొట్లం ఉంటుంది, దాన్ని మాత్రం తీయను. ఇంత మందు తయారుచేసిన దేశానికి చప్పుడు చేయని డబ్బా తయారుచేయడం చేతకాదా?

ఇక డబ్బు. 2025 జనవరి 20న అమెరికా కొత్త అధ్యక్షుడు విదేశీ సాయాన్ని తొంభై రోజులు నిలిపివేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ఆ తర్వాత నేను వెళ్లిన రోజు బెంచీల మీద అదే మాట. మాత్రలు ఆగిపోతాయట, ఎక్కువ తెచ్చుకుని దాచుకోండి అని ఒకాయన. ఫార్మసీ కిటికీ దగ్గర అడిగితే, మన మందులు కేంద్ర ప్రభుత్వమే కొంటోంది, భయపడకండి అన్నారు. నాకు మందు ఆగలేదు. ఒకప్పుడు ఆ మందుల ఖర్చులో, ఎయిడ్స్, టీబీ, మలేరియాల మీద పోరుకు దేశాలకు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి గ్లోబల్ ఫండ్ వాటా కూడా ఉండేది, తర్వాత ప్రభుత్వం నెత్తికెత్తుకుంది. 2003లో గేట్స్ ఫౌండేషన్ మొదలుపెట్టిన హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం ఆవాహన్ కూడా అంతే. లారీలు ఆగే చోట్ల క్లినిక్కులు నడిపి, పోయేముందు పనిని ప్రభుత్వానికి అప్పగించింది. ఇచ్చేవాడు పోయేటప్పుడు తాళంచెవులు ఎవరి చేతికిచ్చాడన్నదే నేను చూసేది. రాత్రికి రాత్రి ఉత్తర్వుతో తలుపు వేసేస్తే, అంతకుముందు ఎంత ఇచ్చినా నా దగ్గర మార్కులు పడవు.

నిజానికి బయటి డబ్బు నాకు ఎక్కువగా కనిపించింది మాత్రలో కాదు, మనుషుల్లో. మాలాంటివాళ్లకు తోడుగా నిలిచే కేర్ అండ్ సపోర్ట్ సెంటర్లు అని 2013 నుంచి గ్లోబల్ ఫండ్ సాయంతో ‘విహాన్’ పేరుతో నడిచాయి. అక్కడి నుంచి ఒక అమ్మాయి వచ్చేది. వచ్చేటప్పుడు చేతిలో జాకెట్ గుడ్డ ఉండేది. మా అత్తగారు వరండాలో కూర్చుని ఉంటే, “అక్కా, ఆది జాకెట్ తెచ్చాను, కొలత చూసుకుంటావా?” అనేది. లోపలికి వచ్చాక సీసా తెప్పించి మాత్రలు లెక్కపెట్టేది. తేదీ దాటితే ఫోనులో, “గుడ్డ ఎప్పుడిస్తావక్కా” అని అడిగేది. నాకు అర్థమయ్యేది, ఇంట్లో ఇంకెవరికీ అయ్యేది కాదు. దగ్గు తగ్గడం లేదంటే టీబీ పరీక్షకు తనే వెంటబెట్టుకుని వెళ్లింది. ఆ జాకెట్లలో రెండు నిజంగానే కుట్టాను, డబ్బులు కూడా ఇచ్చింది. ఇప్పుడు ఆమె చేతి కింద ఊళ్లు పెరిగాయి, రావడం తగ్గింది. ఫోను వస్తుంది కానీ గొంతులో తొందర వినిపిస్తుంది.

బయటి నిధులతో నడిచే పనులను చూడటానికి వచ్చే బృందాలను మా వాళ్లు వెక్కిరిస్తుంటారు, ప్రశ్నల కాగితాలు పట్టుకుని తిరుగుతారని. నేను వెక్కిరించను. కౌన్సెలర్ గదికి ముందు కర్రకు వేలాడే పరదా ఒక్కటే ఉండేది. లోపల చెప్పే మాట బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లకు స్పష్టంగా వినపడేది. అలాంటి ఒక బృందం వచ్చి వెళ్లిన కొన్నాళ్లకు ప్లైవుడ్ తలుపు బిగించారు. పేరు పెట్టి కేకేయడం మాని టోకెన్ నంబరు పిలవడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది.

వరండా మాత్రం మారలేదు. అందరూ నడిచే దారిలో, ఏ.ఆర్.టి. అని పెద్ద అక్షరాల బోర్డు కింద వరసలో నిలబడాలి. మా ఊరి మనిషి ఎవరైనా ఆసుపత్రికి వచ్చాడా, అంతే సంగతులు. అందుకే నెల్లూరు వైపు వాళ్లు ఒంగోలుకు, ఒంగోలు వైపు వాళ్లు నెల్లూరుకు పోతుంటారు, ఛార్జీలు పెట్టుకుని మరీ. పైగా 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం, ఇరవై మంది, అంతకు మించి పనిచేసే ఆరోగ్య సంస్థలో ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఆ అధికారి ఎవరని మా దగ్గర అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గోడ మీద ఎయిడ్స్ దినం పోస్టర్లు మాత్రం పొరలు పొరలుగా ఉన్నాయి.

మొత్తానికి అయిదుకు మూడున్నర. కొత్తగా వెళ్లేవాళ్లకు రెండు మాటలు: సోమవారం వద్దు, రద్దీ. పచ్చ పుస్తకం, పాత సీసా తీసుకెళ్లండి, మిగిలిన మాత్రలు లెక్క చూస్తారు. ఇంకా పరీక్షే చేయించుకోని వాళ్లు 1097కు ఫోను చేయవచ్చు, డబ్బులు పడవు. దగ్గరలో పరీక్ష ఎక్కడ చేస్తారో చెబుతారు.