బ్రాడీపేట లాయర్ మేడం దగ్గర మా తమ్ముడి గేమింగ్ కాంట్రాక్ట్ చదివించాం, ఎట్టా ఉందంటే

లాయర్ ఆఫీసుకి కూడా రివ్యూ ఏందిరా అనుకోవద్దు, అవసరం పడుద్ది మీకు కూడా. బీజీఎంఐ, వాలరెంట్ లాంటి ఆన్‌లైన్ షూటింగ్ గేమ్‌లు ఆడే పిల్లలు ఇంటికొకడు ఉన్నాడు ఇప్పుడు, ఆర్గ్‌లు (టీంలు నడిపే సంస్థలు) కాంట్రాక్టులు పంపిస్తన్నాయి, వీళ్లు చదవకుండా సంతకాలు పెడతన్నారు. మేము మాత్రం గుంటూరు బ్రాడీపేటలో ఒక అడ్వకేట్ మేడంతో చదివించాం. పేరు రాయట్లేదు, లాయర్లు అడ్వర్టైజ్ చేసుకోకూడదని బార్ కౌన్సిల్ రూలంట, ఆవిడే గట్టిగా చెప్పింది నా పేరు ఎక్కడా పెట్టబాకండి అని. బ్రాడీపేటలో లాయర్ బోర్డులకి కొదవా, సివిల్ కేసులు, అగ్రిమెంట్లు చూసేవాళ్లు ఎవరైనా సరే, అక్కడికి వెళ్లి ఏం అడగాలో తెలిస్తే చాలు, అందుకే రాస్తన్నా.

మావాడికి పద్దెనిమిది దాటాయి. టీం వాళ్లు (వీళ్ల పేరు కూడా వద్దులే) చాంతాడంత ఇంగ్లీష్ కాంట్రాక్ట్ మెయిల్ చేసి వెంటనే సైన్ చేసి స్కాన్ పంపు, లేకపోతే నీ స్లాట్ ఇంకొకడికి ఇచ్చేస్తాం అన్నారు. అమ్మ జీతం ఎంత అని అడుగుద్ది, వీడేమో జెర్సీ మీద పేరు ఏ స్పెల్లింగ్‌తో వేయించుకోవాలా అని ఆలోచిస్తన్నాడు, మిగతా పేజీలు ఎవరికీ పట్టలేదు.

ఆఫీసులో అడుగు పెట్టగానే గుమాస్తా గారు ఆన్‌లైన్ గేమ్ అన్న మాట విని, రమ్మీ కేసులు మేం తీసుకోవట్లేదు బాబూ అన్నాడు. ఆయన తప్పేం లేదులెండి, మన రాష్ట్రంలో 2020లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని బ్యాన్ చేశారు, ఆ భయం అట్టా ఉండిపోయింది. మేడం వచ్చాక ఆవిడే ఆయనకి చెప్పింది, డబ్బు కాసే ఆట వేరు, ఈస్పోర్ట్స్ (పోటీలుగా ఆడే వీడియో గేమ్‌లు) వేరు, 2025లో వచ్చిన సెంట్రల్ చట్టం కూడా రెండిటినీ విడదీసిందండీ అని. అప్పుడు మాకు కుర్చీలు వేశారు.

మేడంకి గేమ్ గురించి ఓనమాలు రావు. స్క్రిమ్స్ (టీంల మధ్య ప్రాక్టీస్ మ్యాచ్‌లు) అంటే ఏంటి, ఐజీఎల్ (ఆటలో ప్లాన్ చెప్పేవాడు) అంటే కెప్టెనా అని మావాడినే అడిగి రాసుకుంది. కానీ ఆవిడ వేసిన మొదటి ప్రశ్నకే వీడు నోరు తెరిచాడు, "నువ్వు ఈ టీం నుంచి ఫ్రీ అయ్యే తేదీ ఏది నాన్నా, ఇందులో నాకు చూపించు". రెండేళ్లు మేడం అన్నాడు. ఆవిడ పేజీలు వెనక్కి తిప్పి పెన్సిల్‌తో గీత గీసింది, టీం ఇష్టపడితే ఒక మెయిల్ కొట్టి ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చంట, ప్లేయర్ ఒప్పుకోవాల్సిన పనే లేదు, దాని కిందే ఇంకో లైను, గడువుకి అరవై రోజుల ముందు ప్లేయర్ రాతపూర్వకంగా వద్దు అనకపోతే దానంతట అదే రెన్యూ అయిపోద్దంట. మరి రెండేళ్లు ఎక్కడుందిరా ఇందులో అంది. వాడి మొహం చూడాలి.

అప్పుడు మావాడు లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఇంకో గేమ్ సంగతి చెప్పుకొచ్చాడు. అక్కడ ఆ గేమ్ తయారు చేసిన రయట్ కంపెనీ ప్లేయర్ల కాంట్రాక్ట్ ఎప్పుడు అయిపోద్దో ఒక పబ్లిక్ లిస్టులో పెడుద్ది, ఎవరైనా చూడొచ్చు, మామూలుగా నవంబర్‌లో అయిపోతాయి, అయ్యేదాకా ఆ టీంని అడక్కుండా వేరే టీం వాళ్లు ప్లేయర్‌తో బేరం ఆడకూడదు, అయిపోయిన మరుక్షణం వాడు ఫ్రీ ఏజెంట్, ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చు. 2024 నవంబర్ మొదట్లో టీ1 అనే కొరియా టీం వరల్డ్స్ (ఆ గేమ్ ప్రపంచ కప్పు) కొట్టింది, అదే నెలలో దాని ప్లేయర్ జ్యూస్ (Zeus) కాంట్రాక్ట్ అయిపోయి హన్వా లైఫ్ అనే వేరే టీంకి వెళ్లిపోయాడు, హన్వాలో ఉన్న డోరన్ టీ1కి వచ్చాడు, 2025లో టీ1 మళ్లీ వరల్డ్స్ కొట్టింది. మేడం విని, తేదీ అందరికీ కనపడేట్టు పెడితే సగం గొడవలు ఉండవు కదా, మీ దగ్గర కాపీ అయినా ఇస్తన్నారా అంది. మా కాంట్రాక్ట్‌లో రెండువైపులా సంతకం అయిన కాపీ ప్లేయర్‌కి ఇవ్వాలని ఎక్కడా లేదు. రాసుకుంది.

అసలు డబ్బులు వసూలైంది ఇక్కడే. చివరి పేజీల్లో ఒక క్లాజు ఉంది, కాంట్రాక్ట్ అయిపోయాక కూడా వేరే టీం ఆఫర్ ఇస్తే ముందు మాకు చూపించాలి, అంత మేమే ఇస్తాం అంటే మా దగ్గరే ఉండాలి అని. మాకు అది మంచిగానే అనిపించింది, డబ్బు అంతే కదా అని. మేడం నవ్వి, ఇది జహీర్ ఖాన్ కేసు అంది. మన క్రికెటర్ జహీర్ ఖానే. 2000లో ఆయన పర్సెప్ట్ అనే ఏజెన్సీతో మూడేళ్లకి రాసుకున్నాడు, అందులో అచ్చం ఇట్టాంటి క్లాజే ఉంది, మూడేళ్లు అయ్యాక ఆయన వేరే వాళ్లతో వెళ్తుంటే ఏజెన్సీ కోర్టుకి వెళ్లింది, 2006లో సుప్రీంకోర్టు కుదరదు పొమ్మంది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 అంట, మనిషి తన పని తాను చేసుకోకుండా కట్టేసే ఒప్పందం చెల్లదు. గడువు లోపల వేరే టీంకి ఆడకు అంటే చెల్లుద్ది, గడువు దాటాక కట్టేస్తే చెల్లదు. ఆరు నెలలు ఏ టీంకీ ఆడకూడదు అన్న క్లాజుకి కూడా ఇదే వర్తిస్తది అంది.

మావాడు ఎగిరి గంతేశాడు, అయితే ఏం రాసుకున్నా నష్టం లేదుగా మేడం అని. ఆవిడ అక్కడే ఆపింది. నీ కాంట్రాక్ట్‌లో గొడవలన్నీ ఢిల్లీలో తేల్చుకోవాలని ఉంది, నువ్వు గుంటూరు నుంచి ఢిల్లీ తిరిగి గెలిచేసరికి నీ ఆట వయసు అయిపోద్ది, ఈలోపు టోర్నమెంట్ వాళ్లు పాత టీం రిలీజ్ లెటర్ (నిన్ను వదిలేశాం అన్న కాగితం) తెమ్మంటే సుప్రీంకోర్టు తీర్పు ప్రింట్ తీసి చూపిస్తావా అంది. చట్టం ఫ్రీ అన్నా రోస్టర్‌లో (టోర్నీలో ఆడే ప్లేయర్ల లిస్టు) పేరు ఎక్కకపోతే ఫ్రీ ఏజెంట్ కాదు, ఇంట్లో కూర్చున్న ఏజెంట్. ఇక్కడ కార్పొరేట్ కాలేజీల్లో లెక్చరర్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకున్నట్టే ఇది కూడా, మనిషిని ఎవరూ కట్టేయరు, కాగితం ఇవ్వరు అంతే. అందుకే గడువు అయిన ఏడు రోజుల్లో రిలీజ్ లెటర్ ఇవ్వాలి, ఇవ్వకపోతే ఈ కాంట్రాక్టునే రిలీజ్ లెటర్‌గా లెక్క వేసుకోవాలి అని ఒక లైను ఆవిడ సొంతంగా రాసిచ్చింది. ఆ ఒక్క లైనుకే ఫీజు ఇవ్వొచ్చు.

బైఅవుట్ పదిహేను లక్షలు అని ఉంది, అంటే మధ్యలో వెళ్లాలంటే అంత కట్టాలి. సెక్షన్ 74 ప్రకారం రాసిన అంకె పైహద్దు మాత్రమే, కోర్టు సబబు అనుకున్నంతే ఇప్పిస్తది అంది. అట్టా అని బాండ్లన్నీ ఉత్తుత్తివే అనుకోవద్దంది. విజయా బ్యాంక్ కేసులో మూడేళ్లలోపు ఉద్యోగం మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న బాండ్ చెల్లుద్దని 2025లోనే సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి గడువు మధ్యలో దూకడం వేరే లెక్క. పద్దెనిమిది లోపు పిల్లలైతే ఇంకో కథ, మైనర్‌తో రాసుకున్నది మొదటి నుంచే చెల్లదని 1903లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మనకి అన్నిటికంటే పై కోర్టు) చెప్పిందంట, అమ్మానాన్నల సంతకం తీసుకున్నారు కదా అని సరిపోదు, ముందే అడగండి.

నాకు బాగా నచ్చింది ఏంటంటే మేడం టీం వైపు కూడా మాట్లాడింది. బూట్‌క్యాంప్ (టీం అంతా కలిసి ఉండి ప్రాక్టీస్ చేసే చోటు) అద్దె, ఫోన్లు, కోచ్ జీతం అన్నీ వాళ్లు పెట్టాక నువ్వు పెద్ద టోర్నీ ముందు వెళ్లిపోతే వాళ్ల సంగతేంటి అంది. మావాడు దానికి డోటా అనే గేమ్ కథ ఎత్తుకున్నాడు, 2018లో దాని పెద్ద టోర్నీ ది ఇంటర్నేషనల్‌కి కొద్ది నెలల ముందు ఓజీ టీం నుంచి ఫ్లై, ఎస్4 అనే ప్లేయర్లు ఇద్దరూ ఈవిల్ జీనియసెస్ అనే టీంకి వెళ్లిపోయారు, మిగిలినోళ్లు కోచ్‌గా ఉన్న సెబ్‌ని ఆటలోకి దించి, పాత ప్లేయర్ ఆనాని వెనక్కి పిలిచి, టాప్సన్ అనే కొత్త కుర్రాడిని పట్టుకొచ్చి ఓపెన్ క్వాలిఫయర్ నుంచి ఆడుకుంటా వచ్చి దారిలో ఆ ఈవిల్ జీనియసెస్‌ని కూడా ఓడించి కప్పు కొట్టారు. మేడం అంది, అన్ని టీంలూ ఓజీ కావు, మిగతావి మూసేస్తారు, అందుకే మధ్యలో వెళ్తే నెల ముందు నోటీసు, సరైన బైఅవుట్ అనేవి నువ్వు కూడా ఒప్పుకోవాలి అని. వాడికి నచ్చలేదు గానీ ఆ మాట కరెక్టే.

బెంచ్ క్లాజు దారుణం. ఆడించకుండా బెంచ్ మీద కూర్చోబెడితే జీతం సగం, కానీ వేరే టీంకి వెళ్లడానికి లేదు. ఇంకోటి, ఆట ఆగిపోతే ఏంటి అని ఆవిడే అడిగింది, మేం అడగలేదు. 2022 జూలై 28న బీజీఎంఐని యాప్ స్టోర్ల నుంచి తీసేశారు, 2023 మేలో గానీ తిరిగి రాలేదు. అట్టాంటిది మళ్లీ జరిగితే జీతం ఇస్తారా, లేక వదిలేస్తారా అనేది కాంట్రాక్ట్‌లో ఒక్క ముక్క లేదు. రెండు నెలలు ఆట లేకపోతే ప్లేయర్ ఫ్రీ అని పెట్టించింది.

ప్లేయర్ యూట్యూబ్ చానల్ డబ్బుల్లో టీం తీసుకునే వాటా దగ్గర మాత్రం ఆవిడ వల్ల కాలేదు. అమెరికాలో టీఫ్యూ అనే ఫోర్ట్‌నైట్ ప్లేయర్ 2019లో తన టీం ఫేజ్ క్లాన్ మీద కేసు వేశాడు, కొన్ని స్పాన్సర్ డీల్స్‌లో 80 శాతం దాకా వాళ్లకే పోతాయని, 2020లో సెటిల్ అయింది. అది చెప్పి చూసినా మా టీం వాళ్లు చానల్ వాటా తగ్గించలేదు. మిగతావి చాలావరకు ఒప్పుకున్నారు, పొడిగింపు ఇద్దరూ ఒప్పుకుంటేనే అయింది, ఆఫర్ చూపించే క్లాజు ఎగిరిపోయింది, రిలీజ్ లెటర్ లైను ఉంది. స్లాట్ ఇంకొకడికి ఇచ్చేస్తాం అన్నవాళ్లు పది రోజులు ఆగారు కూడా.

ఇక మైనస్‌లు. సాయంత్రం ఆరున్నరకి రమ్మంటే ఆవిడ కోర్టు పని చూసుకుని ఏడున్నర దాటాక వచ్చింది, మధ్యలో ఫోన్లు. పీడీఎఫ్ పంపుతానంటే వద్దు, ప్రింట్ తీసుకురండి, నేను పెన్సిల్ పెట్టాలి అంటది, పక్కన జెరాక్స్ షాపులో రేటు బానే గుంజాడు. బండి పెట్టే జాగా లేదు, వాచ్‌మెన్‌తో గొడవ. తెలుగులో ఒక పేజీ రాసిస్తే అమ్మకి చూపించేవాళ్లం, అది అడిగితే టైం లేదంది. ఫీజు చదివినందుకు మూడు వేలు, టీంకి పంపే మెయిల్ జూనియర్‌తో డ్రాఫ్ట్ చేయించినందుకు ఇంకో వెయ్యి, ఫోన్‌పే తీసుకుంటారు, రసీదు అడిగితేనే ఇస్తారు. వెళ్లేవాళ్లు శనివారం పొద్దున పెట్టించుకోండి, రెండు ప్రింట్లు తీసుకెళ్లండి, మీ గేమ్ టోర్నమెంట్ రూల్‌బుక్ కూడా ప్రింట్ తీయండి, మేము అది తీసుకెళ్లక ఇంకోసారి తిరగాల్సి వచ్చింది.