గ్రౌజ్, సీమోర్, సైప్రెస్: పిల్లలతో, పెద్దవాళ్ళతో మంచులోకి వెళ్ళడానికి ఏది మేలు?

నవంబరు నెల దాటి కెనడాలోని వాంకూవర్‌కు ఉత్తరాన ఉన్న కొండలు తెల్లబడటం మొదలైందంటే చాలు, సర్రీ, బర్నబీ, కోక్విట్లం వైపు తెలుగు కుటుంబాలు నన్ను ఏటా అడిగే ప్రశ్న ఒకటే. సూపర్ వీసా (తల్లిదండ్రులు ఎక్కువ కాలం ఉండిపోగల సందర్శక వీసా) మీద అమ్మానాన్నలు వచ్చి ఉన్నారు, పిల్లలకు సెలవులు, ఇంట్లో ఎవరికీ స్కీయింగ్ రాదు, అందరం కలిసి ఒక రోజు మంచులో గడపాలి. గ్రౌజ్‌కు వెళ్ళాలా, సీమోర్‌కా, సైప్రెస్‌కా? స్కీయింగ్ నేర్చుకోదలచిన వాళ్ళకు చెప్పవలసిన జవాబు పూర్తిగా వేరు. ఇక్కడ రాస్తున్నది స్కీలు కట్టని కుటుంబం కోసం, ముఖ్యంగా జీవితంలో మొదటిసారి మంచును చేత్తో తాకబోయే తాతయ్య, నాయనమ్మలున్న కుటుంబం కోసం.

చాలామంది ముందుగా చూసేది ఏ కొండ మీద మంచు ఎక్కువగా ఉందనే విషయాన్ని. స్కీయింగ్ చేసేవాళ్ళకు అది అవసరమే కానీ, మన అవసరానికి దానివల్ల తేలేది ఏమీ లేదు. ఈ మూడు కొండలూ వాంకూవర్ పక్కనున్న సముద్రపు పాయ బరార్డ్ ఇన్లెట్‌కు అవతల ఒకే వరుసలో ఉన్నాయి. గ్రౌజ్‌లో కేబుల్ కారు మనల్ని దింపే చోటు సముద్రమట్టానికి సుమారు 1100 మీటర్ల ఎత్తులో ఉంటే, మిగిలిన రెండింటిలో కార్లు ఆపే చోట్లు అంతకంటే వంద, రెండు వందల మీటర్లు దిగువన ఉంటాయి. పసిఫిక్ నుంచి వచ్చే మేఘం ఒక కొండ మీద మంచు కురిపించిన రోజున తక్కిన రెండింటి మీదా దాదాపు అదే కురిపిస్తుంది, ఒకదాని మీద వాన పడిన రోజున మిగతావీ తడుస్తాయి. ఆడుకోవడానికి పిల్లలకు కావలసింది మోకాలి లోతు మంచు, అది జనవరిలో సాధారణంగా మూడు చోట్లా దొరుకుతుంది.

నా దృష్టిలో అసలు తేల్చవలసింది తడి సంగతి. కాల్గరీలో, విన్నిపెగ్‌లో ఉండి వచ్చినవాళ్ళు ఇక్కడి చలిని తేలిగ్గా తీసుకుంటారు. అక్కడ మైనస్ ఇరవైలో పడే మంచు పొడి పిండిలా ఉంటుంది, దులిపితే రాలిపోతుంది. ఇక్కడ సముద్రపు గాలి వల్ల ఈ కొండల మీద ఉష్ణోగ్రత చాలా రోజులు సున్నాకు అటూ ఇటూగానే తిరుగుతుంది కాబట్టి మంచు బరువుగా, నీరు నిండి ఉంటుంది. ఒళ్ళు వెచ్చబడగానే బట్టల మీదే కరుగుతుంది. పిల్లవాడి చేతులను పది నిమిషాల తర్వాత ఒకసారి గమనించండి. ఉన్ని గ్లవుకూ జాకెట్ చేతికీ మధ్య రెండు వేళ్ళ సందు ఉంటుంది, ఆ సందులో దూరిన మంచు కరిగి నీరై మణికట్టు నుంచి అరచేతిలోకి జారుతుంది, గ్లవు బరువెక్కుతుంది, ఆ తర్వాత కాసేపటికి ఏడుపు మొదలవుతుంది. జీన్స్ ప్యాంటు అంచులు ముందు తడిసి, నీడలోకి వెళ్ళగానే అట్టకట్టినట్లు బిగుసుకుంటాయి. పరిగెత్తే పిల్లలకన్నా ముందుగా వణికేది వాళ్ళను చూస్తూ ఒకచోట నిలబడిన పెద్దవాళ్ళు. వాళ్ళు కదలరు, ఫరవాలేదంటారు, చీర కుచ్చిళ్ళు తడిసిన సంగతి కూడా చెప్పరు.

అందువల్ల కొండను ఎంచుకునేటప్పుడు నేను ముందుగా అడిగేది ఇదే: ఆడే చోటుకూ, వెచ్చగా కూర్చుని బట్టలు మార్చుకోగల చోటుకూ మధ్య దూరమెంత? మూడు కొండల మధ్య నిజమైన తేడా కనిపించేది ఇక్కడే.

దానికంటే ముందు, బయలుదేరే రోజును ఎంచుకోవడానికి ఒక అంకె చూడాలి. కొండల వాతావరణ సూచనలో ఫ్రీజింగ్ లెవెల్ అని మీటర్లలో ఇస్తారు. ఆ ఎత్తు దగ్గర గాలి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలు అని దాని అర్థం. మంచు రేకులు పూర్తిగా కరగడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి, సుమారుగా దానికి రెండు మూడు వందల మీటర్ల దిగువ వరకు కూడా మంచుగానే పడవచ్చు. సూచనలో ఆ అంకె 700 ఉండి మేఘాలుంటే పైన చక్కటి మంచు కురుస్తుంది. అది 1800 ఉండి వర్షసూచన కూడా ఉంటే మూడు కొండల మీదా తడిసి ముద్దవుతారు, ఆ రోజు ఇంట్లో ఉండటమే మంచిది. అయితే వర్షం లేకుండా ఆ అంకె ఒక్కటే ఎక్కువగా ఉంటే భయపడనక్కరలేదు. చలికాలంలో కొన్ని రోజులు చల్లని గాలి కింద లోయలో నిలిచిపోయి, ఊరంతా పొగమంచులో ఉండగా కొండ మీద ఎండ కాస్తుంది. వృద్ధులను తీసుకువెళ్ళడానికి అంతకంటే అనువైన రోజు ఉండదు. ఆ సంగతి కింద నుంచి తెలియదు కాబట్టి కొండల వెబ్‌సైట్లలో ఉండే వెబ్‌క్యామ్‌లను పొద్దున్నే చూడాలి. అక్కడి ప్రచార చిత్రాలన్నీ నీలాకాశం కిందే ఉంటాయి. వెబ్‌క్యామ్‌లో ఇవాళ్టి కొండ కనిపిస్తుంది. కెమెరా అద్దం మీద నీటి చుక్కలుంటే పైన పడుతున్నది వాన లేదా నీరు కారే మంచు అని అనుకోవచ్చు. హైవేల పరిస్థితికి బ్రిటిష్ కొలంబియా (బీసీ) ప్రభుత్వపు డ్రైవ్ బీసీ సైటు కెమెరాలు ఉండనే ఉన్నాయి.

ఇక గ్రౌజ్. కింద కారు ఆపి, లేదా బస్సు దిగి, స్కైరైడ్ కేబుల్ కారులో కొద్ది నిమిషాల్లో పైకి చేరుకోవచ్చు. పైన దిగిన చోటే పెద్ద భవనం ఉంది: వెచ్చని హాలు, భోజనం, మరుగుదొడ్లు, కిటికీల దగ్గర బల్లలు. స్కేటింగ్ చెరువు, పిల్లలు జారే స్థలం దానికి దగ్గర్లోనే ఉంటాయి. నాయనమ్మ కాఫీ కప్పు పట్టుకుని లోపల కూర్చోవచ్చు, ఓపిక ఉన్నప్పుడు పది నిమిషాలు బయటకు వచ్చి మనవడి ఆట చూసి మళ్ళీ లోపలికి వెళ్ళవచ్చు. క్రిస్మస్ రోజుల్లో అక్కడ రెయిన్‌డీర్లను కూడా ఉంచుతారు, పిల్లలు వాటి దగ్గర నుంచి ఒక పట్టాన కదలరు. మా ఇంటికి పెద్దవాళ్ళు వచ్చిన చలికాలంలో నేను ఎంచుకున్నది కూడా గ్రౌజే. స్కేటింగ్, స్నోషూయింగ్ (మంచులో దిగబడని వెడల్పాటి జోళ్ళతో నడక) వంటివి చేయలేని మనిషికి కూడా అక్కడ రోజంతా గడపడానికి ఒక చోటు ఉండటమే అందుకు కారణం.

కొత్తగా వచ్చిన కుటుంబాలకు ఇంకొక సౌకర్యం ఉంది. భారతదేశపు లైసెన్సుతో బ్రిటిష్ కొలంబియాలో స్థిరపడినవాళ్ళు మొదటి 90 రోజులే నడపగలరు, ఆ తర్వాత ఇక్కడి పరీక్షలు రాయాలి. ఆ మధ్యకాలంలో కారు లేకుండా మంచు చూడాలంటే ఈ మూడింటిలో మామూలు సిటీ బస్సు వెళ్ళేది గ్రౌజ్‌కు మాత్రమే. సర్రీ నుంచి ఎక్స్‌పో లైను రైలులో వాటర్‌ఫ్రంట్‌కు వచ్చి, సీబస్ పడవలో లాన్స్‌డేల్ కీకి దాటి, అక్కడ 236 నంబరు బస్సు ఎక్కితే కొండ కింద దింపుతుంది. పడవ ప్రయాణం పది పన్నెండు నిమిషాలే అయినా, పెద్దవాళ్ళకు అదొక ప్రత్యేక వినోదం.

గ్రౌజ్ లోపాలు కూడా చిన్నవి కావు. మూడింటిలో మనిషికి ఎక్కువ ఖర్చయ్యేది అక్కడే, ఎందుకంటే కదలకుండా కూర్చునేవాళ్ళకు కూడా పైకి వెళ్ళే టికెట్ కొనాలి. ఆరుగురి కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. సెలవు రోజుల్లో సాయంత్రం దిగేటప్పుడు వరుస చాలా పొడవుగా ఉంటుంది, ఆ వరుసలో నిలబడటం మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు కష్టం. కేబుల్ కారులో కూడా ఎక్కువమంది నిలబడే ప్రయాణిస్తారు. గాలి గట్టిగా వీస్తే దాన్ని ఆపేస్తారు. కారు కింద ఉండిపోతుంది కాబట్టి పొడిబట్టల సంచిని మరచిపోతే మధ్యలో వెళ్ళి తెచ్చుకునే వీలుండదు.

సీమోర్‌ది ఇందుకు పూర్తిగా భిన్నమైన పద్ధతి. అక్కడ కారులోనే పైదాకా వెళ్ళిపోతాము; పిల్లలు టొబాగన్ (జారుడు బల్ల లాంటి బండి) మీద జారే చోటూ, గాలి నింపిన ట్యూబు మీద జారే ట్యూబింగ్ చోటూ పార్కింగుకు దగ్గర్లోనే ఉంటాయి. అంటే మన వెచ్చని గది మన కారే. డిక్కీలో నాలుగు జతల సాక్సులు, తువ్వాళ్ళు, ఫ్లాస్కు నిండా చారు పెట్టుకుని వెళితే, పిల్లవాడు తడిసిన అయిదు నిమిషాల్లో పొడిగా మారి మళ్ళీ ఆటలోకి దిగుతాడు. ఇద్దరు చిన్నపిల్లలున్న దంపతులకు, పెద్దవాళ్ళెవరూ వెంట లేనప్పుడు, నేను నిస్సంకోచంగా సీమోర్‌నే చెబుతాను. ఖర్చు తక్కువ, హడావుడి తక్కువ, ఆడుకునే సమయం ఎక్కువ. ఆ జారుడు స్థలాలకు టికెట్లు వేళల వారీగా ఉంటాయి, వారాంతాల్లో త్వరగా అయిపోతాయి, ట్యూబింగ్‌కు వయసు, ఎత్తు నిబంధనలు ఉంటాయి కాబట్టి ఇంటి దగ్గరే చూసుకుని కొనుక్కోవాలి. టికెట్ లేకుండా దారి పక్క గట్ల మీద పిల్లలను జారనివ్వడం మాత్రం వద్దు. పక్కనే మంచు తీసే బండ్లు తిరుగుతుంటాయి.

సీమోర్ ప్రొవిన్షియల్ పార్కు కూడా కనుక, అక్కడి నుంచి డాగ్ మౌంటెన్‌కు స్నోషూలతో నడిచే దారి ఉంది, వెళ్ళి రావడానికి సుమారు 5 కిలోమీటర్లు, ఆకాశం తేటగా ఉంటే చివర ఊరంతా కనిపిస్తుంది. ఆ దారుల్లో నడిచేవాళ్ళు చలికాలంలో ముందే ఉచిత పాసు తీసుకోవలసి రావచ్చు, బీసీ పార్క్స్ సైటులో చూసుకోవాలి. డిసెంబరులో నాలుగుంబావుకే సూర్యుడు అస్తమిస్తాడు, చెట్ల కింద ఇంకా ముందే చీకటి పడుతుంది. మధ్యాహ్నం రెండు తర్వాత పిల్లలతో ఆ దారి పట్టకండి. దారి తప్పినవాళ్ళ కోసం రాత్రిళ్ళు ఈ కొండల్లో వెతికే నార్త్ షోర్ రెస్క్యూ సభ్యులు స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు, వాళ్ళను మన అజాగ్రత్త వల్ల ప్రమాదంలోకి నెట్టకూడదు.

సీమోర్ విషయంలో నాకున్న బెంగ దారి గురించి. అది మలుపుల కొండదారి. ఎక్కేటప్పుడు ఇబ్బంది తెలియదు, కానీ మధ్యాహ్నం కరిగిన నీరు సాయంత్రానికి గడ్డకట్టాక దిగడం కొత్తవాళ్ళకు పరీక్షే. శీతాకాలపు టైర్లు లేని కారుతో అక్కడికి కానీ సైప్రెస్‌కు కానీ బయలుదేరవద్దు. టైరు పక్కన మూడు శిఖరాల మధ్య మంచురేకు గుర్తు ఉన్నది ఉత్తమం. ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురదకూ మంచుకూ) అని రాసి ఉన్నవి చట్టానికి సరిపోతాయి కానీ గడ్డకట్టిన మలుపు దగ్గర వాటి పట్టు అంతగా ఉండదు. గాడి లోతు 3.5 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అద్దెకు తీసుకునే కారైతే ఈ విషయం అడిగి, స్వయంగా టైరు చూసుకుని మరీ తీసుకోండి.

సైప్రెస్ దారి సీమోర్ దారికంటే విశాలమైనది, వెస్ట్ వాంకూవర్ దగ్గర హైవే 1 మీద 8వ ఎగ్జిట్ నుంచి సాఫీగా ఎక్కుతుంది. 2010 ఒలింపిక్స్‌లో ఫ్రీస్టైల్ స్కీయింగ్, స్నోబోర్డింగ్ పోటీలు జరిగింది ఇక్కడే. కెనడా సొంతగడ్డ మీద గెలిచిన మొదటి ఒలింపిక్ స్వర్ణం ఫిబ్రవరి 14న అలెగ్జాండర్ బిలోడో ఈ కొండ మీదే సాధించాడు. ఆ ఏడాది జనవరి ఎంత వెచ్చగా గడిచిందంటే పోటీల కోసం లారీలతోనూ హెలికాప్టర్లతోనూ మంచు తెప్పించారు. ఈ తీరపు మంచును ఎందుకు నమ్మలేమో దానిని బట్టే అర్థమవుతుంది. స్కీయింగ్‌కు మూడింటిలో ఇదే పెద్దది. కానీ మన కొలతకు వస్తే ఇది వెనకబడుతుంది. ట్యూబింగ్ జరిగేది నోర్డిక్ (చదునైన దారుల్లో స్కీయింగ్ చేసే) వైపు, పెద్ద లాడ్జి ఉన్నది డౌన్‌హిల్ (వాలు మీద స్కీయింగ్ చేసే) వైపు. రెండింటి మధ్య కారులో వెళ్ళాలి. నోర్డిక్ వైపున్న హాలీబర్న్ లాడ్జికి మంచులో నడిచే చేరాలి. కాస్త పెద్ద పిల్లలు, నడవగల పెద్దలు ఉన్న కుటుంబానికి ఆ నడకే ఒక ఆనందం, చుట్టూ చెట్లు మంచు మోస్తూ నిలబడి ఉంటాయి. నాలుగేళ్ళ పాపకూ డెబ్భై ఏళ్ళ తాతయ్యకూ మాత్రం అది ఎక్కువే.

ఏ కొండకైనా బట్టల నియమం ఒకటే. నూలు బట్ట ఒంటికి తగలకూడదు, పైన నీరు దిగని జాకెట్, ప్యాంటు ఉండాలి, మంకీ క్యాపు భేషుగ్గా పనిచేస్తుంది, శాలువా తడిస్తే పనికిరాదు. పిల్లలకు జాకెట్ చేతుల మీదకు వచ్చే పొడవాటి గ్లవులు రెండు జతలు తీసుకోండి. పెద్దవాళ్ళకు చీరకు బదులు చుడీదారు మీద వాటర్‌ప్రూఫ్ ప్యాంటు వేసుకోమని ఒప్పించడం కష్టమే, అయినా ఒప్పించండి.

విస్లర్ గురించి అడిగేవాళ్ళూ ఉన్నారు. వాంకూవర్ నుంచి సుమారు 120 కిలోమీటర్లు, హైవే 99 మీద అక్టోబరు 1 నుంచి మార్చి 31 వరకు శీతాకాలపు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. రెండు శిఖరాలను కలిపే 4.4 కిలోమీటర్ల పీక్ టు పీక్ గొండోలా చూడదగ్గదే, కానీ రాత్రి బస చేసే ఉద్దేశం ఉంటేనే అంత దూరం వెళ్ళండి. మధ్యలో స్క్వామిష్‌లో 2014లో మొదలైన సీ టు స్కై గొండోలా ఒక పూటకు సరిపోతుంది. చలికాలంలో డౌన్‌టౌన్ రాబ్సన్ స్క్వేర్ రింకులో స్కేటింగ్ ఉచితం, స్కేట్లు అద్దెకిస్తారు, పైకప్పు ఉంది, అయితే అక్కడ దొరికేది ఐసు మాత్రమే.

పెద్దవాళ్ళు వెంట ఉంటే గ్రౌజ్, చిన్నపిల్లలు మాత్రమే ఉండి టైర్లు సరిగ్గా ఉంటే సీమోర్. ఇద్దరూ ఉంటే మాత్రం ఖర్చుకు వెనకాడకుండా గ్రౌజ్‌కే వెళ్ళండి. వారం మధ్యలో, పొద్దున మొదటి కేబుల్ కార్ల వేళకు చేరి, మూడింటికల్లా దిగేస్తే ఆ పొడవాటి వరుస బాధ కూడా చాలావరకు తప్పుతుంది.