కడియం నర్సరీలో కొన్న టిష్యూ కల్చర్ అరటి మొక్కలు, వాటి వేర్ల సంగతి

కడియపులంక వైపు సొంత ల్యాబ్ ఉన్న ఒక నర్సరీలో ఈ సీజన్‌కి జి-9 (గ్రాండ్ నైన్) రకం అరటి టిష్యూ కల్చర్ మొక్కలు, అంటే ల్యాబ్‌లో సీసాల్లో పెంచినవి, తీసుకున్నాం. ముందే చెప్పేస్తున్నాను, మొక్కలు బాగున్నాయి, మళ్ళీ అక్కడే కొంటాను. రేటు మాత్రం చుట్టుపక్కల నర్సరీల కంటే ఎక్కువే. ఆ ఎక్కువ ఎందుకు ఇవ్వొచ్చో చెప్పాలంటే వేర్ల గురించి కాస్త రాయాలి. మనవాళ్ళు చాలామంది నర్సరీకి వెళ్ళి ఆకు ఎంత పచ్చగా ఉంది, మొక్క ఎంత ఎత్తుంది అని చూసి బండి ఎక్కించేస్తున్నారు, కవరు లోపల ఏముందో చూడటం లేదు.

ఇక్కడ అడగ్గానే ట్రేలోంచి ఒక మొక్కని పైకి లాగి, నాటడానికి సిద్ధంగా ఉన్న కవరు కూడా ఒకటి చింపి చూపించారు. తెల్లటి వేర్లు చుట్టూ అల్లుకుని ఉన్నాయి, వాటికి సన్నగా పక్క వేర్లు కూడా వేశాయి. మా బావగారు ఇంకోచోట కొన్నారు, అక్కడ ఇలా తీయమంటే "మొక్క పాడవుద్దండి" అని ఒప్పుకోలేదట. నాటాక చాలా మొక్కలు ఆకు వాల్చేశాయి. పీకి చూస్తే మొదట్లో కణితిలాంటి గడ్డ, దానికి రెండు మూడు పొట్టి లావు వేర్లు, అంతే. నీళ్ళు తక్కువై కాదు, బోదెలో నీరు ఉంది, ఆ వేరుకి దాన్ని పైకి అందించే శక్తి లేదు.

ఆ గడ్డ ఎందుకొస్తుందో నేను కొన్న నర్సరీ ల్యాబ్‌లో పనిచేసే కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు, దీనికి మాత్రం పూర్తి మార్కులు వేస్తాను. "బాబాయ్ గారూ, వేరు పుట్టాలంటే ఆక్సిన్ కావాలండి, పుట్టాక అదే ఆక్సిన్ ఎక్కువగా ఉంటే వేరు సాగదండి" అన్నాడు. విషయం అంతా ఇందులోనే ఉంది. మొక్కలో వేరు రావాలా, పిలక రావాలా అన్నది ఆక్సిన్, సైటోకైనిన్ అనే రెండు హార్మోన్ల మధ్య పాళ్ళను బట్టి ఉంటుందని 1957లో స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు పొగాకు కణజాలం మీద చూపించారు (మన రాజమండ్రి రైతులకి బాగా తెలిసిన ఆ పొగాకే). ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేరు, సైటోకైనిన్ పాలు ఎక్కువైతే పిలక, రెండూ మధ్యస్తంగా ఉంటే రూపం లేని కణాల గడ్డ. దాన్నే కాలస్ అంటారు.

అరటి ల్యాబ్‌లో ముందు బీఏపీ అనే సైటోకైనిన్ ఇచ్చి సీసాలో గుత్తులుగా పిలకలు తీస్తారు. తర్వాత వాటిని విడదీసి వేరు మీడియాలోకి (వేరు రావడానికి పెట్టే పోషకాల జెల్లీలోకి) మారుస్తారు. ఇందులో ఐబీఏ గానీ ఎన్ఏఏ గానీ (రెండూ ఆక్సిన్లే) లీటరుకి ఒక మిల్లీగ్రాము అటూ ఇటూగా వేస్తారు. మొక్కలో సహజంగా ఉండే ఆక్సిన్ ఐఏఏ, కానీ అది వెలుతురుకి, వేడికి త్వరగా పాడైపోతుంది, అందుకే ల్యాబుల వాళ్ళు ఈ రెండింటినీ వాడతారు. ఎన్ఏఏ మొక్కలో త్వరగా విచ్ఛిన్నం కాదు, కాబట్టి మోతాదు మించిందంటే పొట్టి లావు వేర్లు, మొదట్లో కాలస్. ఆ కాలస్‌లోంచి పుట్టిన వేరుకి కాండంలోని నాళాలతో సరైన అతుకు ఉండదు. బావగారి తోటలో నేను చూసింది అచ్చం ఇలాగే ఉంది.

అద్దంలోంచి సీసాలు చూపించినప్పుడు కొన్నిటిలో జెల్లీ నల్లగా కనిపించింది, పాడైపోయిందేమో అనుకునేలా ఉంది. అది బొగ్గు పొడి, యాక్టివేటెడ్ చార్‌కోల్. వేరుకి చీకటి ఇస్తుంది, ముందు దశలో మిగిలిపోయిన హార్మోన్‌ని, అరటి వదిలే హానికర ఫినాల్స్‌ని పీల్చేసుకుంటుంది. నిజానికి అరటికి వేరు రప్పించడం కష్టమైన పని కాదు, హార్మోన్ లేని మీడియాలో పెట్టినా చాలాసార్లు వేరు వస్తుంది. అలాంటి అరటికే వేరు చెడిందంటే తొందరపాటో అజాగ్రత్తో తప్ప ఇంకోటి కాదని నా అభిప్రాయం.

ఇక హార్డెనింగ్, అంటే సీసా మొక్కని బయటి వాతావరణానికి అలవాటు చేయడం. సీసాలో పెరిగిన వేరుకి నూగు వేర్లు సరిగ్గా ఉండవు, ఆకు మీద మైనపు పొర పల్చగా ఉంటుంది, రంధ్రాలు మూసుకోవడం కూడా రాదు. అందుకే ముందు 4 నుంచి 6 వారాలు తేమ ఎక్కువగా ఉన్న షెడ్డులో కోకోపీట్ ట్రేల్లో, తర్వాత మరో 4 నుంచి 6 వారాలు షేడ్ నెట్ కింద కవర్లలో పెంచాలి. ఇక్కడ రెండు దశలూ పూర్తిగా చేస్తున్నారు. కోనసీమ నుంచి తెచ్చిన కొబ్బరి పొట్టుని ఉప్పు పోయేలా కడిగాకే వాడుతున్నారు. రేటులో తేడా ఈ పనికే పోతోంది.

నచ్చనివీ ఉన్నాయి. వైరస్ పరీక్ష కాగితం అడిగితే చూపించారు, బాగుంది. కానీ ఎన్నో సబ్ కల్చర్ (పిలకల్ని విడదీసి కొత్త సీసాలోకి మార్చడం) మొక్కలివి అంటే "ఎనిమిది దాటనివ్వమండి" అని నోటిమాటే, బిల్లు మీద రాయలేదు. బీఏపీలో మళ్ళీ మళ్ళీ తిప్పిన కొద్దీ అసలు రకానికి భిన్నంగా ఉండే తేడా మొక్కలు పెరుగుతాయి, గెల వేసేదాకా కొన్ని తేడాలు బయటపడవు, రైతుకి అది ఏడాది నష్టం. ఆ అంకె రాసి ఇవ్వాల్సిందే. రవాణా కూడా సరిగా లేదు, కవర్ల మీద కవర్లు పేర్చి పంపారు, అడుగు వరుసలో మట్టి వదులైపోయింది. అంత శ్రద్ధగా పెంచిన వేరుని చివర్లో ఇలా కదిలించడం బాధగా అనిపించింది.

ఇంకో మాట. కడియం షాపుల్లో అంట్లకీ కొమ్మలకీ అమ్మే రూటింగ్ పౌడర్‌ని కొంతమంది ఈ మొక్కలకి కూడా అద్ది నాటుతున్నారు. వద్దు. అందులో ఉండేది ఆక్సినే, వేరు లేని కొమ్మకి అది కావాలి. వేర్లున్న మొక్కకి ఇంకా ఆక్సిన్ తగిలిస్తే వేరు సాగడం తగ్గుతుంది, డబ్బు కూడా దండగ.

లంకల్లో వరద తీశాక నాటేవాళ్ళు కనీసం మూడు నెలల ముందే బుక్ చేసుకోండి, హార్డెనింగ్‌కే అంత పడుతుంది, ఆఖర్లో అడిగితే ఎక్కడైనా సగం హార్డెనింగ్ మొక్కలే అంటగడతారు. ఈ నర్సరీలో జి-9 ఒక్కటే ఉంది. చక్కెరకేళి, కర్పూరం, అమృతపాణి లేవు. అమృతపాణి పనామా తెగులుకి తట్టుకోదు, టిష్యూ కల్చర్ మొక్క తెగులు లేకుండా వస్తుంది గానీ నేలలో శిలీంధ్రం ఉంటే దానికీ పట్టుకుంటుంది. అయినా తెగులు లేని మెరక ఒకటి ఉంది, అందులో వేయాలని ఉంది. అమృతపాణి మొక్కని వేరు చూపించి మరీ అమ్మే చోటు మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.