పాత విమానం ఎగరాలా, కప్పు కింద నిలవాలా: ఏది మేలు?

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో ఆఖరి మిగ్-21లను నీటి ధారలు చిమ్మి సాగనంపిన నాటి నుంచి, విమానాల మీద మక్కువ ఉన్న మిత్రులు నన్ను తిప్పి తిప్పి ఒకే ప్రశ్న అడుగుతున్నారు. 1963లో మన వైమానిక దళంలో చేరి 62 ఏళ్లు పనిచేసిన ఈ విమానాల్లో ఒక్కదానినైనా ఎగిరే స్థితిలో ఎందుకు ఉంచుకోకూడదు? డకోటా అనే పాత రవాణా విమానాన్ని ఎగరేస్తున్నవారికి ఇదొక లెక్కా అని కొందరంటే, ఉన్నదాన్ని మ్యూజియంలో భద్రంగా పెడితే చాలని మరికొందరంటున్నారు. ఇన్నాళ్లూ ఇద్దరికీ తల ఊపుతూ వచ్చాను కాని, నా మొగ్గు ఎటో చెప్పక తప్పేలా లేదు.

ముందుగా ఎగరేయాలనే వారి వాదన. ఇది భావోద్వేగం మాత్రమేనని కొట్టిపారేయడం సరికాదు. మన వైమానిక దళపు పాతకాలపు విమానాల విభాగంలో ఉన్న డకోటా ‘పరశురామ’ ఇంజిన్లు ఆన్ చేసే ముందు సిబ్బంది ఏం చేస్తారో గమనిస్తే విషయం తెలుస్తుంది. సిలిండర్లు చక్రంలా చుట్టూ అమర్చి ఉండే ఆ ఇంజిన్ ఆగి ఉన్నంతసేపూ నూనె మెల్లగా జారి కింది సిలిండర్లలో చేరుతుంది. దాన్ని చూసుకోకుండా స్టార్ట్ చేస్తే లోపలి కడ్డీలు వంగిపోతాయి. అందుకని మనుషులు ప్రొపెల్లర్ రెక్కలను ఒకదాని తర్వాత ఒకటి చేత్తో తిప్పి, ఎక్కడైనా బిగుసుకుంటోందా అని పట్టి చూస్తారు. ఎంత బిగువైతే ఆగాలో పుస్తకం చెప్పలేదు, చెయ్యే చెప్పాలి. ఎగిరే విమానం చుట్టూ ఇటువంటి విద్య బతికి ఉంటుంది. ఎగరడం మానేసిన తరువాత ఆ పని తెలిసినవారు ఒక్కొక్కరే పదవీ విరమణ చేస్తారు, విద్య వారితోనే వెళ్లిపోతుంది.

అయితే పరశురామ విషయంలోనే చాలామంది గమనించని సంగతి ఒకటుంది. దాని మీద రాసి ఉన్న వీపీ 905 అనే సంఖ్య 1947 అక్టోబర్ 27న సిక్కు రెజిమెంట్ సైనికులతో శ్రీనగర్‌లో దిగిన తొలి డకోటాది. ఇప్పుడు ఎగురుతున్నది ఆ విమానం కాదు. తుక్కు స్థితిలో ఉన్న మరో డకోటాను రాజకీయ నాయకుడు రాజీవ్ చంద్రశేఖర్ సంపాదించి, బ్రిటన్‌లో బాగు చేయించి, డకోటా పైలట్ అయిన తన తండ్రి గౌరవార్థం వైమానిక దళానికి బహూకరించగా, అది 2018లో మన దేశం చేరింది. ఆ కృషిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఎగిరే విమానం చాలావరకు ప్రతినిధి పాత్రే పోషిస్తుందని మాత్రమే అంటున్నాను. ఎగరాలంటే అరిగిన భాగాన్ని మార్చాలి, పాత తీగలు తీసి కొత్తవి వేయాలి, నేటి నిబంధనలకు తగిన రేడియో పెట్టాలి. కొన్నేళ్లకు ఆకారం అదే ఉంటుంది కాని లోహం మాత్రం అది కాదు.

ఇక ప్రమాదం. 2022 నవంబర్ 12న అమెరికాలోని డాలస్ వైమానిక ప్రదర్శనలో బీ-17 బాంబర్, పీ-63 యుద్ధవిమానం గాలిలో ఢీకొని ఆరుగురు మరణించారు. 2019లో కనెటికట్‌లో మరో బీ-17 కూలి ఏడుగురు పోయారు. ప్రాణనష్టం ముందు మరే లెక్కా నిలవదు కాని, ఆ ప్రమాదాలతో తిరిగి సంపాదించలేని విమానాలూ బూడిదయ్యాయి. కాబట్టి ఎగరేయవచ్చా అన్న ప్రశ్నకు ముందు, అటువంటివి ఇంకా ఎన్ని మిగిలాయని అడగాలి. టైగర్ మాత్ అనే చిన్న శిక్షణ విమానాలు 8,000 పైచిలుకు, డకోటాలు 10,000 పైచిలుకు తయారయ్యాయి, లోకంలో నేటికీ చాలా ఎగురుతున్నాయి. ఒకటి పోయినా ఆ జాతి అంతరించదు. ఢిల్లీలోని పాలం మ్యూజియంలో ఉన్న వాపిటీ సంగతి వేరు. 1933లో నాలుగు వాపిటీలతో మన వైమానిక దళపు తొలి స్క్వాడ్రన్ మొదలైంది, ఈనాడు ప్రపంచం మొత్తానికి మిగిలిన వాపిటీ అదొక్కటే. దాన్ని ఎగరేద్దామని ఎవరైనా అంటే నేను హ్యాంగర్ తలుపుకు అడ్డంగా పడుకుంటాను.

ఇంతవరకు నాతో ఏకీభవించేవారు కూడా ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. ఈనాడు చాలా ఉన్నాయి కాబట్టి తొందర లేదనుకుంటారు. బీ-24 లిబరేటర్ బాంబర్లను 18,000కు పైగా తయారు చేశారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిష్ వారు కాన్పూర్‌లో కావాలనే పాడు చేసి వదిలేసిన లిబరేటర్ల నుంచి హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ 42 విమానాలను మళ్లీ ఎగిరేలా చేసింది. వాటిని బెంగళూరుకు ఎగరేసుకుపోయినవాడు ఆ సంస్థ పైలట్ జంషెడ్ మున్షీ. కొన్ని పరికరాలు పనిచేయని విమానాల్లో చేసిన ప్రయాణాలవి. అవి మన దళంలో 1968 వరకు పనిచేశాయి, అప్పటికి వేరే ఏ దేశపు సైన్యంలోనూ లిబరేటర్ లేదు. దాంతో విదేశీ మ్యూజియాలు మన తలుపు తట్టాయి. ఒకటి 1974లో బ్రిటన్ వైమానిక దళ మ్యూజియానికి వెళ్లింది, మరొకటి అమెరికాలో ఏళ్ల తరబడి ఎగిరి ప్రదర్శనలిచ్చింది. వేల సంఖ్య వేళ్ల మీద లెక్కకు రావడానికి పాతికేళ్లు కూడా పట్టలేదు.

అందువల్ల నా వరకు విషయాన్ని తేల్చేది ఎగరడమో నిలవడమో కాదు, తలపై కప్పు. ఆరుబయట నిలిపిన విమానం నెమ్మదిగా చనిపోతూ ఉంటుంది, పైగా అది చనిపోతున్నట్టు కంటికి కనిపించదు. అల్యూమినియానికి ఇనుములా ఎర్రతుప్పు పట్టదు. రంగు కింద చిన్న పొక్కులు లేస్తాయి, గోటితో గీరితే తెల్లటి పొడి రాలుతుంది. ఒక విద్యాసంస్థ ఆవరణలో నిలిపిన పాత జెట్‌ను వాన వెలిసిన మర్నాడు చూడబోయాను. ఎండ కాస్తోంది, అయినా దాని పొట్ట కింది రివెట్ల వరస నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. నీళ్లు పోవడానికి తయారీలోనే పెట్టిన చిన్న రంధ్రాలను రంగు వేసినవారు పూడ్చేశారు, గాలి లోనికి వెళ్లే నోట్లో పావురాలు కాపురం పెట్టాయి, పైలట్ తలపై ఉండే పారదర్శకపు కప్పు ఎండకు పాలలా తెల్లబడింది. ఏటా కొత్త రంగు వేస్తున్నామని అక్కడివారు గర్వంగానే చెప్పారు. ఆ రంగు కిందనే తేమ బందీ అయి లోహాన్ని తింటోందని వారికి చెప్పినవారు లేరు.

పాలంలో వాపిటీ, స్పిట్‌ఫైర్, హరికేన్ వంటివి లోపల ఉన్నాయి, లిబరేటర్ వంటి పెద్దవి బయట ఉన్నాయి. కారణం స్థలమే తప్ప అశ్రద్ధ కాదు, కాని వానకు కారణాలతో పని లేదు. విశాఖపట్నం బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఎదుట నిలిచిన టీయూ-142 నౌకాదళ గస్తీ విమానాన్ని నేను ఎంతగా ప్రేమిస్తానో అంతగా దాని గురించి దిగులు పడతాను. 50 మీటర్ల రెక్కలున్న దానికి కప్పు వేయడం చిన్న ఖర్చు కాదు. సముద్రపు ఉప్పుగాలి మాత్రం ఖర్చు లేకుండా రోజూ పని చేస్తుంది.

మిగిలిన మార్గాలకు ఎక్కువ మాటలు అక్కర్లేదు. గేటు ముందు స్తంభం మీద ఎక్కించడం అలంకారం, దాన్ని పరిరక్షణ అనకూడదు. ఎగరకుండా అప్పుడప్పుడు ఇంజిన్ మాత్రం నడపడం మంచి రాజీయే, కాని నేర్పున్న మెకానిక్ దొరికినంత కాలమే.

మరి మిగ్-21? ప్రపంచంలో 11,000కు పైగా తయారయ్యాయి కనుక, సంఖ్య లెక్కన ఎగరేయడానికి అభ్యంతరం లేదు. అడ్డు వేరే చోట ఉంది. పైలట్‌ను బయటకు విసిరే సీటులోని మందుగుండుకు గడువు ఉంటుంది, రబ్బరు సీళ్లు ఎగిరినా ఎగరకపోయినా ఎండిపోతాయి, ఇంజిన్‌కు గంటల లెక్క ఉంటుంది. గంటకు 300 కిలోమీటర్లకు మించిన వేగంతో దిగే ఆ విమానాన్ని ఏడాదికి రెండు ప్రదర్శనల కోసం నడిపే పైలట్‌కు నేర్పు నిలవాలంటే మధ్యలో ఎన్నోసార్లు ఎగరాలి. టైగర్ మాత్‌కు సరిపడిన ఏర్పాటు దీనికి చాలదు. నా ఓటు కప్పు కిందకే.

కానీ ఏ మిగ్-21? అందరి కళ్లూ చండీగఢ్‌లో వీడ్కోలు పొందిన బైసన్‌ల మీదే, అంటే ఆధునీకరించిన ఆఖరి రకం మిగ్-21ల మీదే ఉన్నాయి. 1971 డిసెంబర్ 14న ఢాకాలోని గవర్నర్ భవనం మీద దాడి చేసినవి అంతకు ముందరి ఎఫ్ఎల్ రకం విమానాలు. ఆ రకం 2013 డిసెంబర్‌లోనే కలైకుండా వైమానిక స్థావరంలో విరమించింది, అప్పటి నుంచి వాటిలో ఎన్నో గేట్ల ముందు ఎండకు ఎండుతున్నాయి. బైసన్‌కు హ్యాంగర్ వెతికే ముందు, ఆ స్తంభాల మీద ఉన్నవాటి తోక నంబర్లను పాత లాగ్‌బుక్‌లతో సరిచూసి, యుద్ధంలో పాల్గొన్నది ఒక్కటి దొరికినా, రాబోయే వానాకాలంలోపు దాన్ని కిందికి దించాలి.