శాన్ ఆంటోనియో వెళ్తే అలమోతో ఆగిపోకండి

టెక్సాస్‌లో ఉండే మనవాళ్లు ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే ఎక్కువగా శాన్ ఆంటోనియో ప్రయాణం పెట్టుకుంటారు. పాత కోటలాంటి చర్చి అలమో ముందు ఫొటో దిగి, ఊరి మధ్య నది ఒడ్డున ఉన్న నడకదారి రివర్ వాక్‌లో పడవెక్కి, సాయంత్రానికి కారు తిప్పేస్తారు. ఊరికి దక్షిణాన ఉన్న నాలుగు మిషన్లకు, అంటే స్పానిష్ మతగురువులు కట్టిన పాత చర్చి ఆవరణలకు, ఒక పూట కేటాయించకపోతే ఆ ఊరిని చూసినట్టు కాదని నేను గట్టిగా చెబుతాను.

అలమో చాలా చిన్నది, చుట్టూ షాపులే. 1718లో మిషన్‌గా మొదలైన ఈ చోటే 1836లో టెక్సాస్ తిరుగుబాటుదారుల మీద మెక్సికో సైన్యం జరిపిన 13 రోజుల ముట్టడికి వేదికైంది. అందరూ గుర్తుపట్టే, చర్చి ముందు గోడకు వంపు తిరిగిన పైభాగం మాత్రం యుద్ధం నాటికి లేదు, 1850లో అమెరికన్ సైన్యం కట్టించింది. చర్చి లోపలికి ప్రవేశం ఉచితమే, కానీ ముందే ఆన్‌లైన్‌లో టైమ్ బుక్ చేసుకోవాలి. గంటన్నర సరిపోతుంది.

రివర్ వాక్ రోడ్డు కంటే ఒక అంతస్తు కిందుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మెట్లు కష్టం, లిఫ్టులు అక్కడక్కడా మాత్రమే ఉన్నాయి. నీటి అంచున చాలా చోట్ల రెయిలింగ్ ఉండదు కాబట్టి చిన్నపిల్లల చెయ్యి వదలకండి. పడవ ప్రయాణం మాత్రం బాగుంటుంది, అత్తయ్యగారు కూడా హాయిగా కూర్చుని చూశారు.

మేము దిగిన హోటల్ నదికి ఆనుకునే ఉంది. గది శుభ్రంగా ఉంది కానీ పార్కింగ్‌కి రోజూ విడిగా వసూలు చేశారు, ఆ మాట బుకింగ్‌లో ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో ఉంది. కుటుంబంతో వెళ్తే డౌన్‌టౌన్‌కి కాస్త దూరంగా, వంటగది ఉన్న గది తీసుకోవడమే నయం. పెద్దవాళ్లకు పొద్దున్నే కాఫీ, రాత్రికి ఇంత పెరుగన్నం దొరుకుతాయి.

ఇక మిషన్లు. కాన్సెప్సియోన్, శాన్ హోసే, శాన్ హువాన్, ఎస్పాడా వరసగా నది వెంబడే ఉంటాయి. అలమోతో కలిపి ఈ ఐదింటికీ 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. ఈ నాలుగూ నేషనల్ పార్క్ కిందికి వస్తాయి, టికెట్ లేదు, పార్కింగ్ కూడా ఉచితమే. స్పానిష్ మతగురువులు ఇక్కడి తెగల వాళ్లను క్రైస్తవంలోకి మార్చి, వ్యవసాయం, చేతిపనులు నేర్పడానికి కట్టిన ప్రహరీ ఊళ్లు ఇవి. బయటి నుంచి వచ్చిన జబ్బులతో ఆ తెగల వాళ్లు ఎంతోమంది చనిపోయారు. శాన్ హోసేలో గోడలోనే కట్టిన వాళ్ల ఇరుకు గదులు చూస్తున్నప్పుడు ఆ సంగతి మనసులో ఉంచుకోవాలి. కాన్సెప్సియోన్‌లో 1755 నాటి చర్చి లోపల పాత రంగుల బొమ్మలు ఇంకా కొంచెం మిగిలి ఉన్నాయి. ఇవన్నీ ఇప్పటికీ ప్రార్థనలు జరిగే చర్చిలే, ఆదివారం పొద్దున వెళ్తే కాసేపు బయట ఆగాల్సి రావచ్చు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఎస్పాడా దగ్గరి ఆక్విడక్ట్, అంటే నీటి కాలువను మోసే వంతెన. 1740ల్లో రాతితో కట్టారు. వాగు మీదుగా కాలువ నీళ్లను అవతలి పొలాలకు దాటిస్తుంది, ఇప్పటికీ పారుతూనే ఉంది. కోనసీమలో పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ మీద కాలువ దాటించిన కట్టడం మామయ్యగారికి బాగా తెలుసు. ఆయన ఇక్కడ వంగి కమానులు చూసి, నీటివాలు ఎటుందో చేత్తో చూపించి, అమెరికాలో తనకు ఇంత నచ్చిన చోటు ఇంకోటి లేదన్నారు. ఇక్కడ షాపులు, రద్దీ ఏమీ ఉండవు. వేసవిలో అయితే పొద్దున్నే వెళ్లండి, మిషన్ల ఆవరణల్లో నీడ తక్కువ.

శాకాహారులు ఒక జాగ్రత్త తీసుకోవాలి. మెక్సికన్ హోటళ్లలో మెత్తగా నలిపిన బీన్స్‌లో పంది కొవ్వు, అన్నంలో చికెన్ నీళ్లు కలిపే అలవాటు ఉంది. అడిగితే దాచకుండా చెబుతారు.

ఓపికుంటే రాత్రి శాన్ ఫెర్నాండో కెథడ్రల్ ముందుకి రండి. చర్చి గోడ మీదే లైట్లతో ఊరి చరిత్ర చూపిస్తారు, డబ్బులేమీ తీసుకోరు. రోజూ ఉండదు, వారంలో ఏ రోజుల్లో ఉందో చూసుకుని దాన్ని బట్టి హోటల్ బుక్ చేసుకోండి.