99 రూపాయల టికెట్టు, బలగం ఊరు: ఓరుగల్లు వైపు మా సినిమా యాత్ర

మేం విజయవాడ వాళ్లం. ఈమధ్య బాగా నచ్చిన సినిమాలేవని ఎవరైనా అడిగితే నా నోటికొచ్చే పేర్లలో ఎక్కువ భాగం ఖమ్మం దాటి అటువైపువే. 2022లో 'విరాట పర్వం', 2023 మార్చిలో నెల మొదట్లో 'బలగం', నెలాఖరున 'దసరా'. 2025లో 'కోర్ట్', 'లిటిల్ హార్ట్స్' కూడా తెగ నచ్చాయి గానీ, అవి చూసి బయటికొచ్చాక ఆ ఊళ్లు ఎలా ఉంటాయో చూడాలనిపించలేదు. 'బలగం' చూశాక అనిపించింది. 2025 నవంబర్ 21న 'రాజు వెడ్స్ రాంబాయి' విడుదలయ్యాక ఇక ఆగలేకపోయాను. ఖమ్మం, వరంగల్ సరిహద్దు పల్లెల కథ అది. దాన్ని ఆ వైపు జనం మధ్యే చూడాలని పట్టుబట్టాను. "గుళ్లు కూడా చూపిస్తానంటేనే వస్తా" అంది మా ఆవిడ. వరంగల్ వైపు వెళ్లేవాడికి ఆ షరతు ఒక లెక్కా?

పొద్దున్నే విజయవాడలో బయల్దేరే శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కితే టిఫిన్ అరిగేలోపే వరంగల్. ముందుగా బుక్ చేసుకుంటే సెకండ్ సిట్టింగ్ చాలు, ఏసీ చైర్ కార్‌కి డబ్బులు దండగ. కొత్తవాళ్లు తెలుసుకోవాల్సిందేమిటంటే వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిసిపోయిన ఊళ్లు. కోటకు వరంగల్ స్టేషన్ దగ్గర. వేయి స్తంభాల గుడి, హోటళ్లు, పెద్ద సినిమా హాళ్లు మాత్రం హనుమకొండలోనే ఎక్కువ. మేం వరంగల్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నాం. స్టేషన్ ముందు చెప్పే రేటుకీ, పది అడుగులు రోడ్డు మీదికి నడిచాక చెప్పే రేటుకీ తేడా బాగానే ఉంది. సామాను తక్కువైతే సిటీ బస్సు ఇంకా నయం.

హనుమకొండ బస్టాండ్‌కి నడక దూరంలో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికినవే ఇచ్చారు, వేడినీళ్లు పొద్దున పూట మాత్రమే. చిక్కల్లా కిటికీతోనే వచ్చింది. రోడ్డు వైపు గది ఇచ్చారు, తెల్లారుజామున నాలుగింటి నుంచే బస్సుల హారన్లు. గది మార్చమంటే రిసెప్షన్ కుర్రాడు "వెనక సైడు అన్నీ పెండ్లోళ్లు తీసుకున్నరు సార్" అన్నాడు. ఆ పెళ్లివాళ్ల డీజే రాత్రి పన్నెండు దాకా వినిపించింది కాబట్టి వెనక గది దొరికినా పెద్ద లాభం ఉండేది కాదు. కాస్త ఎక్కువ పెట్టగలిగితే నక్కలగుట్ట వైపు మంచి హోటళ్లున్నాయి. పర్యాటక శాఖ హరిత కాకతీయ కూడా అటే.

ఇక అసలు పని. 'రాజు వెడ్స్ రాంబాయి'కి నిర్మాతలు సింగిల్ స్క్రీన్లలో టికెట్టు 99 రూపాయలే పెట్టారు, మల్టీప్లెక్సుల్లో 105. పెద్ద సినిమా వస్తే రేట్లు పెంచుకోవడానికి జీవోల కోసం ఎదురుచూసే రోజుల్లో ఈ నిర్ణయం నాకు సినిమా అంత నచ్చింది. హనుమకొండలో ఒక పాత సింగిల్ స్క్రీన్‌లో ఫస్ట్ షోకి వెళ్లాం. ఆన్‌లైన్‌లో తీసుకుంటే పైన ఫీజు పడుతుంది, కౌంటర్ దగ్గర క్యూ లేదు కాబట్టి అక్కడే తీసుకున్నాం. చిల్లర కూడా తిరిగిచ్చారు.

హాలు గురించి నిజం చెప్పాలి. సీట్లు పాతవి, నా సీటుకి ఒక చేతి పట్టీ లేదు. ఏసీ మొదటి అరగంట వేసి ఆపేశారు, నవంబర్ చలి పుణ్యమా అని ఎవరూ గొడవ చేయలేదు. బాత్రూముల సంగతి అడగొద్దు. తెర మాత్రం పెద్దది, సౌండు కొత్తగా మార్చినట్టున్నారు, సురేష్ బొబ్బిలి పాటలకు డప్పు దెబ్బ గుండెలో తగిలింది. రాజు బ్యాండు వాయించే కుర్రాడు. ఆ సీన్లు వచ్చినప్పుడల్లా కింది క్లాసులో కుర్రాళ్లు లేచి ఊగుతున్నారు. హీరోయిన్ తండ్రి వెంకన్నగా చైతు జొన్నలగడ్డ కనిపించిన ప్రతిసారీ మా వెనక వరుసలో ఒక పెద్దావిడ "నీ చేతులిరగ, వీడొక తండ్రా" అని శాపనార్థాలు. క్లైమాక్స్ చెప్పను. నిజంగా జరిగిన ఘటన అని ముందే తెలిసి వెళ్లినా ఆ చివరి భాగంలో హాలంతా బిగుసుకుపోయింది. ఆ పెద్దావిడ కూడా తిట్టడం ఆపేసింది. కొత్త దర్శకుడు సాయిలు కంపాటి మొదటి సగంలో ప్రేమ సన్నివేశాలు కొంచెం సాగదీశాడు, అది ఒప్పుకోవాలి. మా ఆవిడకైతే హీరో తాగి తిరిగే భాగం అస్సలు నచ్చలేదు. తెర మీద మాట్లాడే యాసలోనే పక్క సీట్లోంచి కామెంట్లు వస్తుంటే ఆ సినిమాకి వచ్చే బలం విజయవాడలో రాదు. దీని వెనక నిర్మాతగా ఉన్నది 'విరాట పర్వం' దర్శకుడు వేణు ఊడుగుల. ఆయనదీ ఓరుగల్లు గడ్డే.

మర్నాడు 'ఆంధ్ర కింగ్ తాలూకా' ఒక మల్టీప్లెక్సులో చూశాం. సినిమా హీరోకి వీరాభిమాని కథ, రామ్ అభిమాని, ఉపేంద్ర స్టారు. నాలాంటివాడి కోసమే తీసినట్టుంది, అందుకే తప్పులు కనిపించినా క్షమించేశాను. సీటు మెత్తగా ఉంది, బాత్రూములు శుభ్రం, పార్కింగ్ సుఖం. పాప్‌కార్న్ ధర మాత్రం ముందు రోజు టికెట్టుకి రెట్టింపు పైన. జనం ఫోన్లు చూసుకుంటూ చూశారు. పిల్లలు, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకి మల్టీప్లెక్సే మంచిది. సినిమా పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం పాత హాల్లో చూడకుండా వరంగల్ నుంచి వెళ్లకండి.

ఆ పాత హాలు ఎదురుగా టీ కొట్టు ఒకటి ఉంది. షో వదిలాక అక్కడ జరిగే చర్చ ఏ టీవీ ప్రోగ్రాంలోనూ దొరకదు. ఆ వారం అంతా 'స్పిరిట్' మాటే. నవంబర్ 23న ప్రభాస్ సినిమా మొదలైంది, చిరంజీవి క్లాప్ కొట్టాడు, దర్శకుడు సందీప్ రెడ్డి వంగా వరంగల్ మనిషి. "మా పక్క బడిలనే చదివిండన్న" అని ఒకతను, "అందరికీ పక్క బడే ఉంటది" అని ఇంకొకతను. ఆయన తీసిన 'యానిమల్' మీద నాకు అభ్యంతరాలున్నాయి. ఆ గుంపులో వాటిని బయటపెట్టే ధైర్యం చేయలేదు, టీ చల్లారిపోతుందని తాగేశాను. రామోజీ ఫిల్మ్ సిటీలో రాజమౌళి 'వారణాసి' పేరు ప్రకటించి అప్పటికి రెండు వారాలే. దాని మీద మాత్రం గొడవ లేదు, అందరూ ఒకటే పార్టీ.

కోట, వేయి స్తంభాల గుడి ఒక పూటలో అయిపోతాయి. 1163 నాటి వేయి స్తంభాల గుడిలో ఏళ్ల తరబడి విప్పి పెట్టిన కళ్యాణ మంటపం 2024 శివరాత్రికి మళ్లీ తెరిచారు. ఇదివరకు వెళ్లినవాళ్లు కూడా దాని కోసం ఇంకోసారి వెళ్లొచ్చు. కోటలో నాలుగు కీర్తి తోరణాల మధ్య నిలబడి 2015 నాటి 'రుద్రమదేవి' సినిమాను వెతుక్కుంటే దొరకదు. అది కళా దర్శకుడు తోట తరణి సెట్లలో కట్టిన ఓరుగల్లు. సెట్టు కన్నా శిథిలమే బాగుందని మా ఆవిడ తీర్పు.

రామప్పకి మాత్రం రోజంతా ఇవ్వండి. హనుమకొండ నుంచి ములుగు దాటి వెళ్లే బస్సెక్కి, జంగాలపల్లి క్రాస్ దగ్గర దిగి, అక్కడ ఆటో. బస్సు చవక, తిరుగు ఆటో దొరకడమే టెన్షన్. వెళ్లిన ఆటో అతన్నే వెయిటింగ్‌కి మాట్లాడుకున్నాం, అది మంచి పనైంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఎర్రని ఇసుకరాయి గోడలకు నల్లరాతి మదనికలు, అంటే నాట్యం చేసే ఆడవాళ్ల బొమ్మలు, ఆనుకుని ఉంటాయి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ఒక్కో బొమ్మ మీద నీడ ఎలా జరుగుతుందో చూస్తే, మన కెమెరామెన్లు లక్షలు పోసి పెట్టే లైటింగ్ ఏమిటో అర్థమవుతుంది. గోడల మీది నాట్య భంగిమల్ని చూసే నటరాజ రామకృష్ణ కాకతీయుల నాటి పేరిణి నాట్యాన్ని మళ్లీ బతికించారు. గైడు ఉంటే మంచిదే గానీ, నీళ్లలో తేలే ఇటుక దగ్గర అరగంట ఆపేస్తారు, బొమ్మల దగ్గరికొచ్చేసరికి తొందరపెడతారు. ముందే చెప్పండి. తిండికి పెద్దగా ఏమీ లేదు, ములుగులో తిని వెళ్లడం మేలు.

అక్కణ్ణుంచి తిరిగొచ్చి, తర్వాత కరీంనగర్ మీదుగా సిరిసిల్ల. కరీంనగర్ బస్సులో కండక్టర్ మా ఆవిడ ఆధార్ చూసి నవ్వాడు. "అక్కా, మీది విజయవాడ అడ్రసు. జీరో టికెట్ మా తెలంగాణోళ్లకే, మీరు టికెట్ తీసుకోవాలె." ఆడవాళ్లకు బస్సు మా ఊళ్లో స్త్రీ శక్తి కింద ఉచితం, ఇక్కడ మహాలక్ష్మి కింద ఉచితం, సరిహద్దు దాటితే రెండూ పనిచేయవు. ఆవిడ చిల్లర తీసిస్తూ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. ఆ ఉచితం వల్ల ఎక్స్‌ప్రెస్‌లు కిటకిటలాడుతున్నాయి. సీటు కావాలంటే సూపర్ లగ్జరీ ఎక్కండి. కరీంనగర్లో దిగింది బస్సు మారడానికే. ఈ ఊళ్లో పుట్టిన పైడి జైరాజ్ బొంబాయి వెళ్లి మూకీల కాలం నుంచి నటించి, 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నాడు. బస్టాండ్‌లో నేను అడిగిన కుర్రాళ్లు ఆ పేరు వినలేదన్నారు.

సిరిసిల్లలో దిగగానే మరమగ్గాల చప్పుడు. 'బలగం' తీసిన వేణు యెల్దండిది ఈ ఊరే, షూటింగ్ పక్కనే కోనరావుపేట మండలంలో. ఆటో కట్టుకుని వెళ్లాం. అక్కడ చూడ్డానికి ఏముంది అంటే ఏమీ లేదు, బోర్డు లేదు, టికెట్టు లేదు. పెంకుటిళ్లు, అరుగులు, పత్తి బస్తాలు, మధ్యాహ్నం పూట చెట్టు కింద పేకాట. కానీ సెట్టు వేసిన సినిమాలకీ దీనికీ తేడా ఇక్కడే తెలిసింది నాకు. 'దసరా' గోదావరిఖని వైపు కథే గానీ, అందులోని వీర్లపల్లి హైదరాబాద్ శివార్లలో వేసిన సెట్టు. అందుకే గోదావరిఖని వెళ్లే ఆలోచన మానుకున్నాం, బొగ్గు గనులు చూడాలనుకుంటే వేరే సంగతి. 'బలగం' ఇల్లు, వాకిలి, చనిపోయిన తాతకు పెట్టిన పిండం ముట్టే పిట్ట కోసం ఎదురుచూసిన చోటు అన్నీ నిజంగా ఉన్నవే కాబట్టి, ఊళ్లో నడుస్తుంటే కథ ఎక్కడ ఏ మలుపు తిరిగిందో గుర్తొస్తూనే ఉంది. ఎవరింటి తలుపూ కొట్టలేదు, మీరూ కొట్టకండి. అది వాళ్ల ఇల్లు.

హోటల్ దగ్గర టీ తాగుతుంటే ఒక పెద్దాయన తనే పలకరించాడు. "సినిమా కోసమే వచ్చిన్రా? ఇదివరకు మస్తు మంది వచ్చేటోళ్లు, ఇప్పుడు తగ్గిన్రు." ఊళ్లో తెర కట్టి ఆ సినిమా వేసిన రాత్రి గురించి చెప్పాడు. అప్పట్లో తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల పంచాయతీ వాళ్లే అలా తెర కట్టించి వేశారు. "మా తమ్ముడు, నేను పక్కపక్కన కూసొని చూసినం" అని ఆగి, "మాట్లాడుకున్నమా అంటే లేదు గాని, కూసొని చూసినం" అన్నాడు. సినిమా చూసి అన్నదమ్ములు కలిసిపోయారని పేపర్లలో చదివిన వార్తల కన్నా నేను ఈయన మాటే నమ్ముతాను. 'బలగం' చివర్లో వచ్చే పాట పాడిన మొగిలయ్య గురించి కూడా అడిగాను. ఆయనది వరంగల్ జిల్లా దుగ్గొండి. భార్య కొమురమ్మతో కలిసి ఊరూరా తిరిగి కథలు చెప్పిన బుడగజంగాల కళాకారుడు, 2024 డిసెంబర్లో పోయాడు. 2025లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో 'బలగం'లోని 'ఊరు పల్లెటూరు' పాటకు కాసర్ల శ్యామ్‌కి ఉత్తమ గీత రచయితగా వచ్చింది, ఆయనా వరంగల్ వాడే.

రాత్రికి వేములవాడ. దేవస్థానం గదులు దొరకలేదు, ప్రైవేటు గది తీసుకున్నాం. శుభ్రం ఫర్వాలేదు, సోమవారం ముందు రోజు కావడంతో రేటు పెంచి చెప్పారు. ఇక్కడి శివుడు రాజన్నను చూడాలంటే సోమవారం వదిలేసి మిగతా రోజుల్లో వెళ్లండి. సినారె పుట్టిన హనుమాజీపేట ఇక్కడికి దగ్గరే, చీకటి పడిపోయి వెళ్లలేకపోయాం. 'నన్ను దోచుకొందువటే' రాసిన మనిషి ఊరు, వచ్చేసారికి అదే మొదట.

వచ్చేసారి ఎప్పుడంటారా? మేం వెళ్లొచ్చేనాటికి ప్రకటించిన తేదీల ప్రకారం నాని 'ది ప్యారడైజ్' 2026 మార్చి 26న, రామ్ చరణ్ 'పెద్ది' 27న. ఒక్క రోజు తేడాతో రెండు పెద్ద సినిమాలు నిలబడతాయని టీ కొట్టు దగ్గర ఒక్కరూ నమ్మలేదు, నేనూ నమ్మను. 'ప్యారడైజ్' మాత్రం 'దసరా' దర్శకుడు శ్రీకాంత్ ఓదెలది కాబట్టి ఎప్పుడొచ్చినా హనుమకొండలోనే చూడాలని ఉంది. 2026 సంక్రాంతి సినిమాలు 'రాజాసాబ్', చిరంజీవిది రెండూ విజయవాడలో ఇంటిల్లిపాదీ చూసేవే. 'బలగం' వేణు తీసే 'ఎల్లమ్మ' వచ్చినప్పుడైతే సిరిసిల్లలోనే టికెట్టు తీయాలి. మా ఆవిడ దానికి ఇప్పుడే సరేనంది, కాకపోతే గది రోడ్డు వైపు కాకుండా, సోమవారం కాకుండా, బస్సు సూపర్ లగ్జరీ అయితేనే.