అమ్మ మోకాళ్ల కోసం ఐదు నెలలు తిరిగిన ఫిజియోథెరపీ సెంటర్ (సూర్యారావుపేట, విజయవాడ)

అమ్మకి 61 ఏళ్లు, ఎత్తు ఐదడుగులు, ఇక్కడ చేరిన రోజు బరువు 78 కిలోలు. రెండు మోకాళ్లూ నొప్పే, కుడిది మరీ ఎక్కువ. పటమట రైతుబజారుకి వెళ్లి కూరగాయల సంచితో ఇంటికొచ్చేలోపు రెండు చోట్ల ఆగేది, కింద కూర్చుని పూజ చేసుకోవడం మానేసి రెండేళ్లయింది.

అంతకుముందు వేరే చోట చూపిస్తే ఎక్స్‌రే చూసి "గుజ్జు అరిగిపోయిందమ్మా, వయసు కదా" అని నొప్పి మాత్రలూ, గుజ్జు పెరగడానికని ఒక పౌడరూ రాశారు. నెలకి దాదాపు రెండు వేలు పెట్టి ఏడాది వాడాం. బరువు గురించి ఒక్క మాట చెప్పలేదు, నాకు ఇప్పటికీ బాధ అదే. అరిగిన గుజ్జుకి రక్తనాళాలే ఉండవు, అది మళ్లీ పెరగడం చాలా కష్టమని అప్పుడే చెప్పి ఉంటే ఆ ఏడాది పోయేది కాదు.

ఇక్కడ మొదట చేసిన పని అమ్మని వెయింగ్ మిషన్ ఎక్కించడం. మన వాళ్లకి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు ఎంత ఎక్కువో చెప్పే లెక్క) 25 దాటితే చాలు ఊబకాయం కిందకే వస్తుంది, అమ్మది 33 దాటింది. అమ్మ మొహం చిన్నబోయింది. కానీ ఫిజియో అమ్మాయి తిట్టలేదు, భయపెట్టలేదు. "ఆంటీ, మీరు ఒక్క కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది" అంది. నేను ఇంటికొచ్చి వెతికాను. మోకాళ్లు అరిగిన, బరువెక్కువ ఉన్న పెద్దవాళ్ల మీద అమెరికాలో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది సరిగ్గా ఇదే.

"వేళ్లు కూడా నొప్పులే, వేళ్ల మీద నడుస్తానా నేను?" అని అమ్మ అడిగింది. కొవ్వు ఊరికే పేరుకుని కూర్చోదట, వాపు పుట్టించే పదార్థాలని రక్తంలోకి వదులుతుంది, అందుకే బరువు మోయని వేళ్ల కీళ్లు కూడా దెబ్బతింటాయని చెప్పారు. లావుగా ఉంటే ఎముక గట్టిగా ఉంటుందని మా ఇంట్లో అందరి నమ్మకం. స్కానింగులో సాంద్రత ఎక్కువే కనపడొచ్చు, అయినా పడినప్పుడు చీలమండ లాంటి చోట్ల విరిగే ప్రమాదం ఎక్కువే ఉంటుందట. విటమిన్ డి కొవ్వులోకి చేరిపోయి రక్తంలో తక్కువ కనిపిస్తుందని పరీక్ష చేయించమన్నారు, నిజంగానే తక్కువ వచ్చింది.

కరెంటు పెట్టడం పది నిమిషాలే, మిగతా అంతా వ్యాయామం. మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి నొక్కి పది అంకెలు లెక్కపెట్టడం, కాలు చాపి పైకెత్తడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం. తొడ కండ బలపడితేనే మోకాలికి ఆసరా అని రోజూ ఇంట్లో చేశారా అని అడిగేవాళ్లు. కడుపు మాడ్చుకుని బరువు తగ్గితే కండా ఎముకా కూడా తగ్గుతాయని గట్టిగా చెప్పారు, ఇది నాకు బాగా నచ్చింది.

డయట్ చార్టు మాత్రం నచ్చలేదు. ఓట్సు, కీన్వా అని అచ్చేసిన కాగితం ఇచ్చారు, అమ్మ దాన్ని ఫ్రిజ్ మీద పెట్టి మర్చిపోయింది. మళ్లీ వెళ్లి అడిగితే అప్పుడు కూర్చుని ఇంట్లో ఏం తింటారో రాసుకున్నారు. అన్నం సగానికి తగ్గించి పప్పూ కూరా పెంచాం, సాయంత్రం పునుగులూ బజ్జీలూ ఆపాం, రాత్రి ఎనిమిదిలోపు భోజనం. ఇది ముందే చేసి ఉండాల్సింది.

ఐదు నెలల్లో 78 నుంచి 72కి వచ్చింది. మొదటి నెలన్నర ఏమీ తేడా లేదు, అమ్మ మానేస్తానని ఏడ్చింది కూడా. ఇప్పుడు రైతుబజారు నుంచి ఆగకుండా వస్తోంది. మెట్లు దిగేటప్పుడు నొప్పి ఇంకా ఉంది, కింద కూర్చోవద్దన్నారు కాబట్టి పూజ ఎత్తు పీట మీదే. పూర్తిగా అరిగిపోయిన వాళ్లకి ఆపరేషనే దారి, అది కూడా వీళ్లు దాచకుండా చెబుతారు.

సిట్టింగుకి 400. సాయంత్రం ఆరు దాటితే గంట వెయిటింగ్, ఉదయం వెళ్లండి. సెంటర్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు వారంలో రెండు మూడు రోజులు పనిచేయదు. మోకాళ్లు పట్టుకుని గోడకి ఆనుకుంటూ ఎక్కే పెద్దవాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. యాజమాన్యం ఇది చదువుతుంటే దయచేసి లిఫ్టు బాగుచేయించండి, అప్పటిదాకా కింద ఒక గది తీసుకుని అక్కడే చూడండి.